హిందీలో వదిలిన మామిడి

నా ఉద్యోగం ఎలుకల ఆకలి చంపడం. చంపి, మళ్ళీ పుట్టించడం.

నూజివీడు దగ్గర ఒక ఫార్మసీ కాలేజీలో పాఠాలు చెబుతూ, పక్కన పీహెచ్‌డీ వెలగబెడుతున్నాను. నా టాపిక్ పేరు పూర్తిగా చదివితే మా ఆయనకి ఆవులింతలొస్తాయి కాబట్టి క్లుప్తంగా చెబుతాను. ఒంట్లో అడ్రినలిన్ ఎక్కువైతే గుండె దడదడలాడుతుంది, చేతులు వణుకుతాయి, ఆకలి చచ్చిపోతుంది. పరీక్ష రోజు పొద్దున్నే ఇడ్లీ గొంతు దిగదు చూశారా, అదన్నమాట. ఈ అడ్రినలిన్ వెళ్ళి కూర్చునే చోట్లు ఒంట్లో కొన్ని ఉంటాయి. బస్సు కిటికీలోంచి కర్చీఫ్ వేసి సీటు ఆపినట్టు, ఆ చోట్లని ముందే ఆపేసి దాన్ని కూర్చోనివ్వని మందులున్నాయి. వాటినే బ్లాకర్లంటారు. ఎలుకకి ముందు ఆకలి చచ్చే మందు ఎక్కించి, తర్వాత బ్లాకర్ ఇస్తే అది మళ్ళీ తింటుందా, తినదా? ఇదీ నా ప్రశ్న. ఈ ప్రశ్న కోసం ప్రభుత్వం వారు, మా కాలేజీ వారు, నేను, బోలెడన్ని ఎలుకలు ఎన్నాళ్ళ నుంచో కష్టపడుతున్నాం. ఇప్పటికి తేలిందేమిటంటే, కొన్ని తింటాయి, కొన్ని తినవు. దీన్నే థీసిస్‌లో అందంగా రాయాలి.

ఇలా ఊళ్ళో ఉన్న ఎలుకలన్నిటి ఆకలికీ నేనే పెద్ద దిక్కునని తిరుగుతున్న రోజుల్లో, మా నాన్న అన్నం మానేశాడు.

మా అమ్మావాళ్ళది ఆగిరిపల్లి పక్కన పల్లెటూరు. మామిడితోట. మా నాన్న సంగతి చెప్పాలంటే ముందు ఆయన తిండి సంగతి చెప్పాలి. ఆయన భోజనానికి కూర్చుంటే పక్కింటివాళ్ళకి తెలిసేది. పప్పులో మామిడికాయ, పచ్చట్లో మామిడికాయ, ఏడాది పొడవునా ఆవకాయ, చివర్లో పెరుగన్నంలోకి పండు. ఎండాకాలమైతే నీళ్ళు తప్ప అన్నిట్లోనూ మామిడే. చెట్టు కింద నిలబడి కాయ తొడిమ వాసన చూసి ఇది ఏ మూల చెట్టుదో చెప్పేసేవాడు. అలాంటి మనిషి ఆ ఏడాది చలికాలం చివర్లో కంచం ముందు కూర్చుని, రెండు ముద్దలు మజ్జిగన్నం కెలికి, "ఆకలి లేదమ్మా" అని లేచిపోవడం మొదలుపెట్టాడు.

దానికి ముందు మా అమ్మ సంగతి. అమ్మకి రొమ్ములో క్యాన్సరొచ్చింది. విజయవాడలో ఆపరేషన్ చేశారు, తర్వాత కీమో పెట్టారు. ఆ మందులకి ఆవిడ జుట్టు పోయింది, గోళ్ళు నల్లబడ్డాయి. అవన్నీ ఆవిడ పట్టించుకోలేదు. అన్నం పోయింది. పక్కవీధిలో ఎవరింట్లోనో పోపు వేస్తే ఈవిడకి వాంతి వచ్చేది. కీమో అయిపోయింది, జుట్టు మొలిచింది, రిపోర్టులు బాగున్నాయన్నారు, ఆకలి మాత్రం తిరిగి రాలేదు. నాన్న గిన్నె పట్టుకుని ఆవిడ వెనక తిరిగేవాడు. "ఒక్క ముద్దే, ఇదిగో, ఒక్కటే." ఆవిడ కసిరేది. ఈయన పెరట్లోకెళ్ళి గిన్నె కుక్కకి పెట్టి, మొహం తుడుచుకుని లోపలికొచ్చేవాడు. నాకు ఏడుపొచ్చేది. ఆకలి మీద పీహెచ్‌డీ చేస్తున్న నేను కన్నతల్లి చేత ఇడ్లీ ముక్క తినిపించలేకపోయాను.

ఆ మాఘమాసంలో మా చిన్నాన్నావాళ్ళు కాశీ, గయ టూరు బస్సు మాట్లాడారు. తాతకీ నాయనమ్మకీ పిండాలు పెట్టాలి. నాన్న ససేమిరా రానన్నాడు. "కాస్త నా కళ్ళ ముందు నుంచి తప్పుకోండి, మీ గిన్నె చూస్తేనే నాకు కడుపులో తిప్పుతోంది" అని అమ్మే తరిమేసింది. వెళ్ళాడు. తిరిగొచ్చి బస్సు దిగి, గుమ్మంలో గంగాజలం సీసాలు దించుతున్నాడు, అప్పుడు లోపలి నుంచి అమ్మ అంది: "ఏవండీ, నోరంతా చప్పగా ఉంది. వేడన్నంలో ఆవకాయ కలుపుకుంటే ఎలా ఉంటుందంటారు?"

ఇంట్లో పండగే అనుకోండి. ఆ పూట అమ్మ తిన్న అన్నం చూసి నేను వంటింట్లోకెళ్ళి ఏడ్చాను. మందు ఒంట్లోంచి పూర్తిగా పోయి, నాలుక కోలుకుంది, అదీ జరిగింది. ఆ మాటే అందరికీ పాఠంలా చెప్పాను. నాన్న తలూపాడు.

సరిగ్గా అప్పటి నుంచే ఆయనకి ఆకలి లేదు.

దానికి తోడు గుండె దడ, చేతుల వణుకు. నూజివీడులో మాకు తెలిసిన డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్తే, అన్ని పరీక్షలూ చేయించి, "భార్య జబ్బు గురించి బెంగ పడ్డారు, అంతే" అని ఒక మాత్ర రాశారు. ఆ మాత్ర చూసి నేను కుర్చీలో ఎగిరిపడ్డాను. బీటా బ్లాకర్. నా ఎలుకల మందు! పుట్టింటికి నా థీసిస్సే నడిచొచ్చినట్టయింది.

ఇంక నన్ను పట్టేవాళ్ళు లేరు. బ్లాకర్ పడితే అడ్రినలిన్ ఆట కడుతుంది, ఆకలి తన్నుకుంటూ వస్తుంది, చూస్తూ ఉండండి అని అమ్మకి హామీ ఇచ్చాను. దడ తగ్గింది. వణుకు తగ్గింది. ఆకలి రాలేదు. సరే, అయితే ఈ మాత్రే ఆకలి చంపుతోంది, కొందరికి అలా జరుగుతుంది అని ప్లేటు ఫిరాయించి డాక్టరుగారి మీదకి యుద్ధానికెళ్ళాను.

"మేడమ్, మీ ఎలుకలకి మీరేమైనా చేసుకోండి. నా పేషెంటుకి మాత్రం ఈ మాత్ర టక్కున ఆపకండి, గుండెకి ప్రమాదం. మెల్లిగా తగ్గిద్దాం" అన్నారాయన. ఆ మాట నిజమే, నేనే క్లాసులో చెబుతాను. మెల్లిగా తగ్గించాం. ఆకలి రాలేదు సరికదా, దడ మళ్ళీ వచ్చింది. మళ్ళీ మొదలుపెట్టాం. మాత్ర వేస్తే ఆకలొస్తుందన్న నా సిద్ధాంతాన్నీ, ఆపితే వస్తుందన్న నా సిద్ధాంతాన్నీ మా నాన్న ఒకే వేసవిలో ఉతికి ఆరేశాడు. మనిషి మాత్రం కరిగిపోతున్నాడు. చొక్కా భుజాల మీద హ్యాంగరుకి వేలాడినట్టు వేలాడేది. అమ్మ రాత్రుళ్ళు నాకు ఫోన్ చేసి, "నాకొచ్చిందే ఈయనకీ వచ్చిందేమోనే" అనేది. పైకి ధైర్యం చెప్పేదాన్ని కానీ, లోపల నాకూ అదే భయం. నాకు చచ్చేంత భయమేసింది.

ఇంతలో మే నెల వచ్చింది, కాలేజీలో నా ఎలుకలు తిరగబడ్డాయి.

ఏ మందూ ఎక్కించని ఎలుకలు కొన్ని ఉంటాయి, మిగతావాటితో పోల్చి చూసుకోవడానికి. వాటి పని హాయిగా తిని పడుకోవడమే. అవి కూడా తినడం మానేశాయి. నేను తూకం వేసిన మేత గుళికలు వేసినవి వేసినట్టే ఉన్నాయి. మందు లేకుండానే ఆకలి చస్తే ఇంక నా పీహెచ్‌డీ ఎందుకు? తల ప్రాణం తోకకొచ్చింది. కాసేపటికి నా ముక్కు పనిచేసింది. ఎలుకల గది పక్కన ఖాళీ గది తలుపు తోశాను. గది నిండా వరిగడ్డి, గడ్డిలో వరసలు వరసలుగా చిన్న రసాలు. మాగుతున్నాయి. ఆ వాసనకి నాకే కళ్ళు మూతలు పడ్డాయి.

అటెండర్ని పిలిచి కేకలేశాను. "చీకటిగా, వెచ్చగా, ఖాళీగా ఉంది కదండీ మేడమ్" అన్నాడు, మా ఊళ్ళో అంతకు మించిన కారణం ఎవరికీ అక్కర్లేదన్నట్టు. "సగం ప్రిన్సిపాల్‌గారివేనండి" అని కూడా అన్నాడు.

ఒక పండు తీసి, ముక్క కోసి, బోనులో వేశాను. ఆ ఎలుక దాని మీద పడి తిన్న తీరు చూడాలి! మూతికి పూసుకుని, చేతులు నాక్కుని, ఇంకా ఏదీ అన్నట్టు కమ్మీలు పట్టుకుని నిలబడింది. దీనికి ఆకలి చావనే లేదు. పెట్టింది వద్దంటోంది, అంతే. ఎన్నో ఏళ్ళుగా నేను తూచింది ఎలుక తిననిదాన్ని. ఎందుకు తినలేదన్నది నేనే ఊహించి రాసుకుంటున్నానని అప్పటిదాకా నాకు తట్టలేదు.

ఆ వారంలోనే అమ్మని విజయవాడలో రెండు రోజుల చెకప్‌కి మా ఆయన కారులో తీసుకెళ్ళాడు. నాన్న వెళ్ళేవాడే, కాయ కొన్న షావుకారు లారీ పంపే రోజు కావడంతో తోట వదిలి కదల్లేకపోయాడు. ఆయనకి వంట చెయ్యడానికి నేను వెళ్ళాను. నా వంట గురించి రెండు ముక్కలు. నా పెళ్ళయినప్పటి నుంచి ఇప్పటిదాకా "ఇంకాస్త వెయ్యి" అన్న మనిషి పుట్టలేదు. ఆ రోజు చేసింది అడుగంటిన వంకాయ కూర, ఉప్పు ఎక్కువైన టమాటా చారు. నాన్న తోట నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పీట మీద కూర్చుని, ఆ కూరంతా ఊడ్చేశాడు. చారు జుర్రాడు. గిన్నె వైపు చూసి, "ఇంకేమైనా ఉందామ్మా?" అన్నాడు.

నేను గరిటె పట్టుకుని నిలబడిపోయాను. నా వంట బాగుండి తిన్నాడనుకునేంత పిచ్చిదాన్ని కాదు. ఇందులో ఏముందని తిన్నాడు? అప్పుడు ఎలుక గుర్తొచ్చింది. ఏముందని కాదు, ఏం లేదని తిన్నాడు?

మర్నాడు కావాలని మా తోటలోని కలెక్టర్ మామిడికాయ వేసి పప్పు చేశాను. మూత తీశానో లేదో, నాన్న వాసన చూసి, "ఆకలి లేదమ్మా, మజ్జిగ పోసెయ్యి" అన్నాడు. ఆ సాయంత్రం విజయవాడ నుంచి తిరిగొచ్చిన అమ్మ పాలు పితకడానికి వెళ్తే, నేను దోసకాయ పప్పు చేశాను. శుభ్రంగా తిన్నాడు. ఏ పత్రికలోనూ అచ్చుకాదు కానీ, నా జీవితంలో ఇంత తేటగా ఫలితం వచ్చిన ప్రయోగం ఇదొక్కటే.

"నాన్నా" అన్నాను కంచం తీస్తూ. "నీకు ఆకలి లేకపోవడం కాదు. నువ్వు మామిడి తినట్లేదు. అమ్మ చేసే ప్రతిదాంట్లోనూ మామిడి ఉంటుంది కాబట్టి అన్నమే తినట్లేదు. అవునా, కాదా?"

"పండ్లు తోటలో తింటున్నా కదమ్మా."

"తోటలో కోసి చూపిస్తున్నావు. నువ్వు తినడం ఎవరు చూశారు?"

ఆయన దొడ్డి వైపు చూశాడు. అమ్మ గేదె దగ్గర ఉందో లేదో నిర్ధారించుకుని, గొంతు తగ్గించి చెప్పాడు.

కాశీ, గయ వెళ్తే ఇష్టమైనది ఏదో ఒకటి వదిలి రావాలి కదా. మన జనం ఎంత గడుసువాళ్ళో తెలిసిందే. మా పిన్ని సొరకాయ వదిలేసిందిట, అది చిన్నప్పటి నుంచీ ఆవిడకి పడదు. చిన్నాన్న కివీ పండు వదిలేశాట్ట, ఆయన దాన్ని జన్మలో తిన్న పాపాన పోలేదు. మా నాన్న వంతు వచ్చింది. అక్కడ పిండాలు పెట్టించే పండాగారికి తెలుగు రాదు. ఏం వదులుతావని హిందీలో అడిగాడు. నాన్నకి వచ్చిన హిందీ అంతా లారీ డ్రైవర్ల దగ్గర నేర్చుకున్నదే. అందులో ఆయనకి బాగా వచ్చిన మాట ఒకటే. "ఆమ్" అన్నాడు.

"మీ అమ్మ అన్నం తినాలి, నేను మామిడి తినను అని మనసులో అనుకున్నానమ్మా. ఇంటికొచ్చి మెట్టెక్కానో లేదో, మీ అమ్మ అన్నం అడిగింది."

కంచం కింద పెట్టి క్లాసు మొదలుపెట్టాను. కీమో మందు ఒంట్లోంచి పోవడానికి ఎన్నాళ్ళు పడుతుందో, నాలుక మీద కణాలు ఎలా తిరిగి పుడతాయో గడగడా చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు. అంతా విని, "అయ్యుండొచ్చమ్మా" అన్నాడు. "కాకపోతే?"

నాకు కోపం వచ్చింది.

"పోనీ పండు వదిలావు. కాయ ఏం చేసింది? ఆవకాయ ఏం చేసింది? పండు వేరు, కాయ వేరు కదా!"

"మనకి వేరు. హిందీలో పచ్చిదైనా ఆమే, మాగిందైనా ఆమేనంట. తిరిగొచ్చేప్పుడు బస్సు క్లీనర్ని అడిగి కనుక్కున్నా" అన్నాడు దిగులుగా. "తెలిసుంటే తెలుగులోనే చెప్పేవాణ్ణి."

అమ్మకి చెప్పనని నా చేత ఒట్టేయించుకున్నాడు. అమ్మ పాలు పితికి వచ్చీ రాగానే చెప్పేశాను. నేనేం గయలో వెయ్యలేదు ఆ ఒట్టు.

అమ్మ అగ్గిమీద గుగ్గిలమైంది. పాల చెంబు ఠప్పున పెట్టి, "ఏవండీ, బుద్ధుందా మీకు? నా ఆకలికి పూచీ పడ్డానికి మీరెవరండీ? నేను తింటుంటే ఎదురుగా కూర్చుని ఎముకల గూడు అవుతారా? నాకు రోగం వచ్చినట్టు మీకూ వచ్చిందని నేను ఎన్ని దేవుళ్ళకి మొక్కానో తెలుసా?" అని దులిపేసింది. నాన్న తల వంచుకుని కూర్చున్నాడు. "రేపు పండు తింటున్నారు మీరు. అంతే."

"తినను."

"అయితే నేనూ తినను. ఇదిగో, ఈ పూట నుంచే మానేస్తున్నా" అని అమ్మ నేను వడ్డించి పెట్టిన కంచం అవతలికి తోసేసింది.

మొగుడూ పెళ్ళాల మధ్య రోజూ వినపడే బెదిరింపే. మా ఇంట్లో వెయ్యిసార్లు విన్నాను. కానీ నాన్న మొహంలో నెత్తురు లేదు. చేతులు వణుకుతున్నాయి. పొద్దున్నే మాత్ర వేసుకున్న మనిషికి ఆ చేతులు అంతలా వణుకుతున్నాయి. "అనకే. ఆ మాట మాత్రం అనకు. నీ కాళ్ళు పట్టుకుంటా, తిను" అని నిజంగానే వంగాడు.

అమ్మ గబుక్కున కాళ్ళు వెనక్కి లాక్కుంది. ఆయన్నే చూస్తూ ఉండిపోయింది. గిన్నె పట్టుకుని తన వెనక తిరిగిన మనిషికి లోపల ఏం జరిగిందో ఆవిడకి అప్పటిదాకా తెలియదు, నాకూ తెలియదు. మేమిద్దరం ఆవిడ జబ్బుని దాటి వచ్చేశాం. ఆయన ఇంకా అందులోనే ఉన్నాడు, ఒంటరిగా, అన్నం మానేసి కాపలా కాస్తున్నాడు.

అమ్మ కంచం మళ్ళీ ముందుకు లాక్కుంది. "తింటున్నా. చూడండి, తింటున్నా కదా" అని ముద్ద మీద ముద్ద పెట్టుకుంది. కళ్ళ వెంబడి నీళ్ళు కారుతున్నాయి, ముక్కు చీదుతోంది, నములుతోంది. నాన్న ప్రతి ముద్దా లోపలికి వెళ్ళేదాకా చూశాడు.

తినడం అయ్యాక చెయ్యి కడుక్కుని వచ్చి తీర్పు చెప్పింది. "చూడండి, మీరు పుట్టింది కృష్ణా జిల్లాలో. మనసులో ఏ భాషలో అనుకున్నారు?"

"తెలుగులోనే."

"వదిలేటప్పుడు మీ కళ్ళ ముందు ఏం కనిపించింది? పండా, కాయా?"

నాన్న గుర్తు చేసుకున్నాడు. "చిన్న రసం" అన్నాడు.

"అది పండు. పండే వదిలారు. పప్పులో కాయా, నా ఆవకాయా మీరు వదల్లేదు. ఇంకోసారి నా ఆవకాయ జోలికి హిందీ తెస్తే ఊరుకోను."

మర్నాడు మామిడికాయ పప్పు చేసింది. నాన్న మొదటి ముద్ద పెట్టుకుని, అమ్మ వైపు చూశాడు. ఆవిడ తన ముద్ద పెట్టుకుంది. ఈయన రెండోది పెట్టుకున్నాడు. అలా ఒకరి నోరు ఒకరు చూసుకుంటూ గిన్నె ఖాళీ చేశారు. కొన్ని వారాలకి చొక్కా భుజాలు నిండాయి. డాక్టరుగారు మాత్ర మెల్లిగా తగ్గించి, ఈసారి పూర్తిగా మాన్పించారు. "ఇంతకీ ఏమయిందండీ మీ నాన్నగారికి?" అని అడిగితే, "హిందీ పడలేదండీ" అన్నాను. ఆయన నన్ను అదోలా చూశారు.

పండు మాత్రం ముట్టలేదు. అమ్మా బలవంతం చెయ్యలేదు. సీజన్ చివర్లో ఒక మధ్యాహ్నం వసారాలో కూర్చుని ఉన్నాం. నాన్న ఆఖరి చిన్న రసాల్లోంచి ఒకటి తీసుకుని, రెండు బొటనవేళ్ళతో మెత్తగా పిసికి, తొడిమ తుంచి, మొదటి చుక్క సొన పిండేసి అమ్మకి ఇచ్చాడు. అమ్మ జుర్రుకుంది. మోచేతి దాకా రసం కారింది. తొక్క పక్కన పడేసి, టెంక శుభ్రంగా చీకింది. చీకి, ఆ టెంక నాన్న ముందు చాపింది.

"ఇది పండు కాదు, టెంక. దీన్ని వదల్లేదుగా?"

నాన్న తీసుకోలేదు. దానికేసి చూశాడు. ఆవిడకేసి చూశాడు.

"కడుపు నిండిందా?" అన్నాడు.

"ఎక్కడ నిండింది? రాత్రికి ఏం వండాలా అని ఆలోచిస్తున్నా. మీరు ఇంకోటి పిసకండి ముందు."

నాన్న టెంక తీసుకుని నోట్లో పెట్టుకున్నాడు. అంతా అమ్మే చీకేసింది, దానికి పీచు తప్ప ఏమీ మిగల్లేదు. కళ్ళు మూసుకుని ఆ పీచే చాలాసేపు చీకుతూ కూర్చున్నాడు. చేతులు మాత్రం బుట్టలో తడుముతున్నాయి, అమ్మకి ఇంకోటి వెతుకుతూ.